ఈశాన్య నగర్ మోరీ

మా ఆదోని పక్క వాననీటి పైపులు డిజైన్ చేసే ఇంజినీరునని చెప్పుకుంటే, గుండు కొట్టించుకున్నవాడికి దువ్వెన అమ్మడానికి వచ్చినదాన్ని చూసినట్టు చూస్తారు. పెళ్ళిచూపులకు వచ్చిన ఒక పెద్దమనిషయితే "వాన లేని ఊర్లో వాన ఇంజినీరు ఏందిమ్మా" అని పగలబడి నవ్వాడు. ఆయన ముందు పెట్టిన ఉగ్గాని పళ్ళెం తీసుకుని లోపలికి పోయాను. బజ్జీ ఒక్కటి ఆయన చేతిలో మిగిలిపోయింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, దాన్ని అక్కడినుంచి దించడం నాకు ఇంతవరకు చేతకాలేదు. ఆ సంబంధం పోయింది. పోతే పోనీ.

ఇంతకీ నేను చెప్పవచ్చింది ఈశాన్య నగర్ సంగతి. రంగప్పన్న పత్తి వ్యాపారం చేసి చేసి, ఈ మధ్య భూమి వ్యాపారంలోకి దిగి, ఎమ్మిగనూరు రోడ్డులో ఊరి బయట ఒక లేఅవుటు వేశాడు. దాని పేరే ఈశాన్య నగర్. ఆ మనిషికి ఈశాన్యం దిక్కంటే ప్రాణం. లేఅవుటు ఆఫీసు ఈశాన్యం మూలన కట్టాడు. పక్కనే చిన్న ఆంజనేయస్వామి గుడి ఉండటం తన అదృష్టమన్నాడు. ఆఖరికి తన స్కూటీని కూడా ఆ మూలకే తోసుకెళ్ళి నిలబెట్టేవాడు. అక్కడి రోడ్ల కింద వాననీటి పైపులు డిజైన్ చేసే పని మా ఆఫీసుకు వస్తే మా సారు నాకు అప్పగించాడు. నా అంతట నేను చేసే మొదటి పని. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

స్టాండు మీద లెవెల్ మిషను పెట్టి నేలంతా కొలిచాను. ఈశాన్యం మెరక, నైరుతి పల్లం. పల్లం చివర వాగు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. నేను నీళ్ళ మాటే విని, పైపును ఈశాన్యంలో గుడి దగ్గర మొదలుపెట్టి, నడిమి రోడ్డు కింద నడిపించి, నైరుతిలో వాగులోకి వదిలాను. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది.

రంగప్పన్న ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నైరుతికా? నీళ్ళు నైరుతికి పోతే వాటెంబడి లక్ష్మి గూడా పోతాదమ్మా. ప్లాటు ఎవడు కొంటాడు?"

"వాగు ఆడుందన్నా."

"వాగును ఏం జేయలేమా?"

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. నేను పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.

"వాగును ఆడ పెట్టింది దేవుడన్నా. వాస్తు సంగతి ఆయప్పనే అడుగు."

"సరేలే. మరి పైపు అంత లావేంది? ఈ పక్క దూరితే నేను ఆ పక్క తేలొచ్చు."

"తేలొచ్చన్నా. వాన వచ్చే దినం మాత్రం దూరొద్దు."

"వాన యాడుందమ్మా మనకు?"

అందరూ అడిగేది ఇదే. మా దగ్గర వాన తక్కువే. కానీ పడిన రోజు, ఏడాదంతా దాచుకున్న కోపాన్ని ఒక్క పూటలో వెళ్ళగక్కుతుంది. ఆ విషయంలో వానదీ నాదీ ఒకటే జాతకం. పైపు లావును ఏడాది వానను బట్టి కట్టరు, ఆ ఒక్క పూటను బట్టి కడతారు. ఈ ముక్క ఆయనకు మూడు రకాలుగా చెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, ఆముదం తాగినవాడిలా మొహం పెట్టి తలూపాడు.

నాకు అంత పట్టుదల ఎందుకంటే, దాచడం దేనికి, ఆ పల్లంలో చివరి వరుసలో మా అమ్మ ఇల్లుంది.

మాది కోసిగి పక్క పల్లె. ఆ పక్క వానలు లేని ఏడు సుగ్గికి పోతారు. అంటే పిల్లాజెల్లా, మూటాముల్లె లారీలో వేసుకుని గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికో, ఇంకెక్కడ పని దొరికితే అక్కడికో పోవడం. మా అమ్మ తాయమ్మ పెళ్ళయిన ఏడు లారీ ఎక్కింది. మా నాయన పోయాక కూడా ఎక్కుతూనే నన్ను చదివించింది. ఎవరిదో చేను గట్టు మీద నాలుగు కట్టెలు పాతి, పైన నీలం ప్లాస్టిక్ పట్ట కప్పితే అదే ఇల్లు. వాన వస్తే నీళ్ళు లోపలికి వచ్చేవి. నన్ను బియ్యం మూట మీద కూర్చోబెట్టి, తను గిన్నెతో తోడి బయట పోసేది. మిరపకాయ తోటల్లో తప్ప ఆమె వానను సరిగ్గా చూసిందే లేదు.

ఈశాన్య నగర్ చివరి వరుసలో కూలిజనం కోసం చిన్న చిన్న ప్లాట్లు వేస్తే, అందులో ఒకటి తీసుకుని రెండు గదులు కట్టించాను. పాలు పొంగించాం. కొత్త గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. కానీ అమ్మ తన సుగ్గి మూట విప్పలేదు. ఆ మూటలో సత్తు గిన్నెలు, రెండు దుప్పట్లు, కొడవలి, మడత పెట్టిన ఆ నీలం పట్ట ఉన్నాయి. దాన్ని తలుపు పక్కన అలాగే ఉంచింది.

"మూట ఇప్పుమా," అన్నాను. "ఇది మనిల్లు."

"తొలివాన పడనీ మే. ఇంట్లోకి నీళ్ళు రాకుంటే ఇప్పుతా. వస్తే ఇనాయక సవితి కాంగానే సుగ్గి లారీ ఎక్కుతా."

"ఆడ మాత్రం నీళ్ళు రావా?"

"వస్తాయి. పరాయి గట్టు మీద వస్తే, మన గట్టు గాదులే అని తోడి పోస్తా. సొంతింట్లోకి వస్తే నేను ఓర్సుకోలేను."

ఆ మాటకు నేను ఇవ్వగలిగింది పైపు ఒక్కటే. ఆఫీసుకు పోయి లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి చేశాను.

పైపులు వేసే మేస్త్రి సీమోనన్నది ఎమ్మిగనూరు. భార్య సుగుణమ్మక్క కూడా అదే గ్యాంగులో పని. సీమోనన్న చెయ్యి పడితే జాయింటులో చుక్క కారదు. ఆదివారం చర్చికి పోకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. మనిషి బంగారం. ఆ బంగారమే నా కొంప ముంచబోయింది.

శ్రావణంలో అమ్మకు ఉరుకుంద ఈరన్నస్వామి మొక్కు ఉంది. ఆమెను బస్సులో తీసుకుపోయాను. పోయేముందు మేకులు కొట్టించి, దారం కట్టించి, ఈ చివర ఇంత లోతు, ఆ చివర ఇంత లోతు, నీటి వాటం ఇటు అని సీమోనన్నకు చూపించాను. ఆయన దారాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఏదో అనబోయి మానుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఉరుకుందలో జనం కిటకిట. ఒక రాత్రి అక్కడే నిద్ర చేసి, అమ్మ తలనీలాలిచ్చాక మా పల్లెలో వారం ఉండి తిరిగొచ్చేసరికి పైపులు వేసి, మట్టి పూడ్చి, పైన నీళ్ళు చల్లి, పెళ్ళికి అలికిన వాకిలిలా చేసి పెట్టారు. పై చివర పైపు మొదలయ్యే చాంబరు గుంత మూత తీసి లోతు చూద్దామని పోయాను. మూత మీద రంగప్పన్న పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి ఉంచాడు. పూజ చేసినదాన్ని కదిలించడం ఎందుకులే అని దండం పెట్టుకుని వచ్చేశాను.

శ్రావణం సగం గడిచినా చినుకు లేదు. చుట్టుపక్కల పత్తి చేలు వాడిపోయి తలలు వేలాడేశాయి. వాన రాకపోతే మా పక్క ఆంజనేయస్వామికి బిందెలతో నీళ్ళు పోస్తారు. పోసిన నీళ్ళు పారి పారి వాగులో కలవాలి. కలిస్తే వాన ఖాయమని నమ్మకం. పక్క ఊరి జనానికి ఆ గుడే, ఆ వాగే. ఇదివరకు నీళ్ళు చేల మీదుగా పారేవి. ఇప్పుడు అక్కడ చేలు లేవు, నా రోడ్డు ఉంది, గుడి ముందు నీళ్ళు దిగే నా ఇనుప జాలీ ఉంది, దాని కింద నా పైపు ఉంది. అంటే ఆ ఊరి వాన ఈసారి నా పైపులోంచి పోవాలి. చెప్పొద్దూ, నాకు పట్టరాని గర్వం వచ్చింది.

శనివారం పొద్దున పలక డప్పు కొట్టుకుంటూ ఊరంతా దిగింది. రంగప్పన్న భక్తిగా ట్యాంకరు తెప్పించాడు. ఆడవాళ్ళు బిందెలు ముంచి స్వామి మీద పోస్తున్నారు. పసుపు, పూలు, వేపాకు, పాలు అన్నీ కలిసిన ఆ నీళ్ళు గుడి మెట్లు దిగి గలగలమంటూ జాలీలోకి పోతున్నాయి. నేను పరుగెత్తి కింద వాగు దగ్గరికి, పైపు మూతి ముందుకు పోయాను. అమ్మ అప్పటికే అక్కడుంది. సగం ఊరు అక్కడుంది.

"జరగండప్పా, ఎదురుగా నిలబడొద్దు. నీళ్ళు ఒక్కసారిగా వస్తాయి," అని అందర్నీ పక్కకు తోశాను.

జరిగారు. ఎదురుచూశాం. పలక మోగుతూనే ఉంది. ఒకామె చెవి పెట్టి విని, "లోపల ఏదో కదుల్తాంది" అంది. అందరం ఊపిరి బిగబట్టాం. పైపులోంచి ఒక ఎలుక బయటికి వచ్చి, ఇంతమందిని చూసి జడుసుకుని, మళ్ళీ లోపలికి పోయింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, నేను ఊరంతా తవ్వించి ఆ ఎలుకను కూడా పట్టలేకపోయాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆమె వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూసింది.

అంతలో పైనుంచి కేకలు. పరుగో పరుగు. గుడి దగ్గర చూద్దును కదా, చాంబరు మూత లేచి పక్కన పడి ఉంది. అందులోంచి నీళ్ళు ఉబికి ఉబికి ఆఫీసు వరండాలోకి పోతున్నాయి. నిమ్మకాయ చెక్కలు తేలుతున్నాయి. వాటి మధ్య రంగప్పన్న పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, దేవుడు కనబడినవాడిలా నిలబడ్డాడు.

"సూడమ్మా రేణుకా. ఈశాన్యంలో గంగ ఊరింది."

నేను గంగను చూడలేదు, సీమోనన్నను చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ మురిసిపోతున్నాడు.

"సీమోనన్నా. వాటం ఎటు పెట్టినావు?"

"ఈశాన్యానికేనమ్మా. నువ్వు సదువుకున్నదానివే గానీ సిన్నపిల్లవు గదా, దిక్కులు తిరగబడినాయి. అందరి ముందర అంటే నీకు నగుబాటు అవుతాదని, సప్పుడు గాకుండా నేనే సరిజేసినా."

"ఈ పక్క అంత లోతు తవ్వినావా?"

"రాయి తగిలినా వదల్లే. ఎక్కువ కూలి గూడా అడగలే."

"సర్చికి పోయేవాడివి, నీకు వాస్తు ఏందన్నా?"

"ప్రభువు ప్రభువే, ఈశాన్యం ఈశాన్యమే గదమ్మా."

తిట్టడానికి నోరు తెరిచాను. నా పరువు కాపాడానన్న తృప్తితో ఆ మనిషి మొహం దీపంలా ఉంది. జీవితంలో మొదటిసారి నా కోపం ముక్కు మీదికి వచ్చి, అక్కడేం చేయాలో తెలియక నిలబడిపోయింది. నా బదులు సుగుణమ్మక్క అందుకుంది.

"మోషే సముద్రాన్ని పాయ జేసినాడంటే ఆయప్ప యెనకాల దేవుడుండె. నీ యెనకాల నేను తప్ప ఎవరుండారు? మోరీ నీళ్ళను గుట్ట ఎక్కిస్తాండావా?"

ఊరంతా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ తర్వాత సంగతి గుర్తొచ్చి ఆపాను. పైపు ఇలాగే ఉంటే, వాన రాగానే ఈ మూల నిండుతుంది. ఆపైన పడే నీళ్ళన్నీ రోడ్డెక్కి, పల్లం వెతుక్కుంటూ నేరుగా మా అమ్మ ఇంట్లోకి పోతాయి.

"మళ్ళీ తవ్వాలన్నా," అన్నాను రంగప్పన్నతో.

"ఊరిన గంగను తవ్వి పోస్తారా ఎవరన్నా? పైపు ఇట్లే ఉంటాది."

"వాన వస్తే సివరి వరస ఇండ్లు మునుగుతాయి."

"వాన యాడుందమ్మా?"

"మరి పొద్దున్నించి బిందెలు ఎందుకు పోపిచ్చినావన్నా?"

ఆయన తడిసిన పంచె పిండుకున్నాడు. వాదనలో ఓడినవాడు మాట మార్చుకుంటాడని ఎక్కడా లేదు. ప్లాట్లు చూడవచ్చిన వాళ్ళకు ఆ మధ్యాహ్నమే ఆ చాంబరు చూపించి, గంగ అని చెప్పాడు. వాళ్ళు అందులో చిల్లర కూడా వేశారు.

అమ్మ ఇంటికి పోయి మూటను ఇంకో ముడి వేసి బిగించింది. నాకు ఆ ముడి చూడటమే కష్టంగా ఉండింది.

అయితే గంగకు ఒక గుణముంది, నిలిస్తే కంపు కొడుతుంది. పూలు కుళ్ళాయి, పాలు విరిగాయి, రోడ్డు మీది పేడంతా అందులోనే ఉంది. మంగళవారానికి ఆఫీసులో కూర్చోలేక రంగప్పన్న ముక్కుకు తువ్వాలు కట్టుకుని బయట వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నాడు. దోమలు ఆయన్ను అక్కడా వదల్లేదు. నేను పోయి పక్కన నిలబడి, ఏమీ తెలియనట్టు అడిగాను.

"ఈశాన్యంలో మురుగు నిలిస్తే ఏమైతాదన్నా వాస్తు ప్రకారం?"

ఆయన మొహంలో రంగు పోయింది. తువ్వాలు తీశాడు, మళ్ళీ కట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఈశాన్యంలో ఎంగిలి చెయ్యి కూడా కడగని మనిషి.

"గంగ పుట్టినకాడ నిలుస్తాదా అన్నా? పుట్టేది కొండ మీద, పోయేది సముద్రానికి. మన నీళ్ళు గూడా ఈశాన్యంలో పుట్టనీ. పుట్టి, వాగుకు పోనీ."

ఆయన ఒక దోమను కొట్టాడు.

"ఈ మాట మొదులే సెప్పింటే అయిపోయేది గదమ్మా. తవ్వండి."

నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

జేసీబీ వచ్చింది. కింద వాగు దగ్గరి గొయ్యి లోతు చేయాలి, ఈ పక్క గొయ్యి పూడ్చి పైకి తేవాలి, పైపులు ఒక్కొక్కటే ఎత్తి మళ్ళీ దించాలి. ఈసారి నేను గొయ్యిలోంచి బయటికి రాలేదు. ప్రతి పైపు కింద లెవెల్ చూసి, సీమోనన్న వైపు చూసేదాన్ని. ఆయన రెండు చేతులూ జోడించి, "వాగుకేనమ్మా, వాగుకే" అనేవాడు.

అప్పుడు మబ్బు పట్టింది. పడమట బళ్ళారి పక్కనుంచి నల్లగా లేచి, రోజూ కొంచెం కొంచెం దగ్గరికి వస్తోంది. ఊరు ఊరంతా ఆనందం. ఒక్క మాకే దిగులు. రెండు రోజులు ఆగు స్వామీ అని మా అమ్మ ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టింది. సుగుణమ్మక్క గొయ్యి గట్టున మోకరించి ప్రార్థన చేసింది. ఈ సంగతి తెలిసి పక్క ఊరి రైతులు దండుగా వచ్చారు.

"మేము బిందెలు మోసి పిలిస్తే, మీరు మోరీ కోసం ఆపుతాండారా? మా పత్తి ఎండాల్నా?" అని వాళ్ళు ఇంకో టెంకాయ కొట్టారు. ఆ స్వామి పరిస్థితి తలుచుకుంటే నాకే జాలేసింది. ఆ రైతుల్లో సగంమంది మాత్రం పోతూ పోతూ పార అందుకుని మాతో పాటు గొయ్యిలోకి దిగారు, పని తొందరగా అయితే వాన తొందరగా వస్తుందని.

చివరి పైపు మా అమ్మ ఇంటికి ఎదురుగా, వాగు గట్టు ముందు. దాన్ని దించి, రెండు పైపులను కలిపే కాలరు చుట్టూ సీమోనన్న సిమెంటు కూరుతుండగా నా మెడ మీద మొదటి చినుకు పడింది. మధ్యాహ్నమే మసక చీకటి అయింది. మట్టి వాసన గుప్పుమంది. పొలాల్లోంచి కేరింతలు వినిపించాయి.

"అరగంట తడవకుంటే పట్టు దొరుకుతాదమ్మా," అన్నాడు సీమోనన్న. "ఇప్పుడు తడిస్తే సిమెంటంతా కొట్టుకపోతాది. పైపు యిడిపోతాది."

అరగంట. అంటే పైనుంచి నీళ్ళు పైపులోకి రాకూడదు, వాన జాయింటు మీద పడకూడదు. రోడ్డు పొడుగునా, మా వాకిలి ముందరిదాకా, జాలీల మీద ఇసుక మూటలు వేసి మూసేయండని కేక పెట్టాను. రంగప్పన్న స్కూటీ మీద తనే పైకి దౌడు తీశాడు. మూసేస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. రోడ్డు మీదుగా చివరి వరుసకు వస్తాయి. అమ్మకు కూడా తెలుసు. నేను ఆమె మొహం చూడలేక జాయింటు మీద నా చున్నీ పరిచాను. అది క్షణంలో తడిసింది.

"జరుగు మే," అంది అమ్మ.

ఆమె నెత్తి మీద మూట. గట్టు మీద దించి, పళ్ళతో లాగి ముడులు విప్పింది. మొదటి ముడి, దాని మీద మొన్న వేసిన ముడి, రెండూ. సత్తు గిన్నెలు దొర్లిపోయాయి. నీలం పట్ట బయటికి లాగి, మూడు కొసలు ముగ్గురి చేతుల్లో పెట్టి, జాయింటు మీద పందిరిలా పట్టించింది. నాలుగో కొస తను పట్టుకుంది.

"తొలివాన సూసినాక ఇప్పుతానంటివి గదమా."

"వాన గట్టిగ పడ్తాంది. సరిగ పట్టుకో."

అది వాన కాదు, ఆకాశం తూము ఎత్తేశారు. పట్ట మీద దరువు. రోడ్డు మీద ఎర్రనీళ్ళు పారుతూ వచ్చి మా వాకిట్లో తిరిగాయి. మొదటి మెట్టు మునిగింది. రెండో మెట్టు మునిగింది. నేను చూస్తూనే ఉన్నాను. అమ్మ మాత్రం ఇంటి వైపు తల తిప్పలేదు, జాయింటు వైపే చూస్తోంది. సీమోనన్న వేలితో సిమెంటు నొక్కి చూస్తున్నాడు, పెదాలు కదుపుతున్నాడు. నీళ్ళు గడప కింద అంచును తాకాయి.

"పట్టింది," అన్నాడు సీమోనన్న.

"తియ్యండి," అని అరిచాను. గొయ్యి గట్టునుంచి పైదాకా మనిషి నుంచి మనిషికి ఆ మాట పరుగెత్తింది. పైన రంగప్పన్న, మా వాకిట్లో రైతులు ఇసుక మూటలు ఈడ్చేశారు. మా వాకిలి ముందర జాలీ గుటకలు వేస్తూ తాగడం మొదలుపెట్టింది. గడప దగ్గరి నీళ్ళు ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగాయి. రెండో మెట్టు తేలింది. మొదటి మెట్టు తేలింది. పైపులో ముందు గరగర, తర్వాత గుడగుడ, తర్వాత వాగు గట్టు అదిరేలా ఒక్క హోరు. నీళ్ళు మూతిలోంచి ఎగిరి వాగులో దూకాయి.

నేను గట్టు మీద ఎగిరాను. సుగుణమ్మక్క ఎగిరింది. పత్తి రైతులు ఒకర్నొకరు బురదలో దొర్లించుకున్నారు. సీమోనన్న స్తోత్రం అంటే వాళ్ళు జై ఆంజనేయా అన్నారు, రెండూ కలిసిపోయాయి. అంతలో పైపులోంచి ఒక తోలు చెప్పు బాణంలా వచ్చి ఒక రైతు కడుపుకు తగిలింది. వెనకాలే రంగప్పన్న ఒంటి చెప్పుతో కుంటుతూ, తడిసి ముద్దయి, రోడ్డు వెంట వచ్చాడు.

"నా సెప్పు వచ్చిందా ఈ పక్క?"

"వచ్చిందన్నా."

"ఈశాన్యంలో చాంబరు మూత తీస్తా ఉంటే జారినాది. ఇంత బిరీన వచ్చిందా?" ఆయన పైపు మూతి ముందు చతికిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "పైపు లావు సరిపోయిందమ్మా. సరిగ్గ సరిపోయింది."

ఆ సందట్లో పట్టను అందరూ వదిలేశారు. గాలి దాన్ని లేపి వాగులో వేసింది. ఎర్రనీళ్ళ మీద ఉబ్బి, అది తేలుతూ పోతోంది. నేను దాని వెంట పరుగెత్తబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను అలాగే లాక్కుంటూ ఇంట్లోకి పోయి, గడప దాటి వంగి, తడి అరచేయి గోడకు తుడిచి నేల మీద ఆనించి చూసింది. గది ఈ మూలనుంచి ఆ మూలదాకా తడుముకుంటూ పోయింది. లేచి, ఆ చెయ్యి నా చెంపకు ఆనించింది. పొడిగా ఉంది.

"పట్ట పోతాంది మా," అన్నాను.

"పోనీ మే. ఈ ఏడు సుగ్గికి అదొక్కటే పోతాది."

బయటికి పోయి గట్టు మీది సత్తు గిన్నెలు ఏరుకొచ్చి, కడిగి, గూట్లో వరసగా బోర్లించింది.